తెర వెనక తిరిగే పళ్లెం

తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే రోజు పొద్దున తిరుపతి నెట్ సెంటర్లలో ఒక్కో నిమిషానికీ విలువ పెరుగుతుంది. పదింటికి కోటా వస్తుందంటే తొమ్మిదిన్నరకే కంప్యూటర్ ఆన్ చేసి పెట్టుకునేవాళ్లున్నారు. స్విచ్ నొక్కాక విండోస్ రావడానికి నాలుగైదు నిమిషాలు, బ్రౌజర్ తెరుచుకోవడానికి ఇంకో రెండు. ఎవరినైనా పిలిచి చూపిస్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: "సిస్టం పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి."

ఆ మాట అన్నిసార్లూ నిజం కాదు. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న ఆల్ ఇన్ వన్ కంప్యూటర్లో తెర బాగానే ఉంటుంది, ప్రాసెసర్ బాగానే ఉంటుంది. వెనకబడింది లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఒక్కటే. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డీ బిగిస్తే అదే యంత్రం అర నిమిషంలో పనికి సిద్ధమవుతుంది. ఖర్చు కొత్త కంప్యూటర్ ధరలో చిన్న భాగం. ఓపిక, మంచి స్క్రూడ్రైవర్ ఉంటే ఇది ఇంట్లో చేసుకోగలిగిన పనే.

తెర, మదర్‌బోర్డు, స్పీకర్లు, డిస్క్ ఒకే చట్రంలో ఇమిడిపోయే ఈ రకం యంత్రం చిన్న దుకాణాలకు నచ్చడానికి కారణం టేబుల్ మీద మిగిలే చోటు. ప్రింటరు, స్కానరు, వేలిముద్రల యంత్రం, లామినేషన్ మెషీన్ అన్నీ అదే బల్ల మీద సర్దాలి. ప్రభుత్వ సేవలందించే మీసేవ కౌంటర్లదీ ఇదే సర్దుబాటు. ఆ మీసేవ మొదలైందే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో. 2011 నవంబరులో రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలకు చెందిన పది సేవలతో ఇక్కడ శ్రీకారం చుట్టారు. ఆ తర్వాత ఊరూరా కౌంటర్లు వచ్చాయి. ఇలాంటి చోట కంప్యూటర్ మొరాయిస్తే సర్టిఫికెట్ కోసం బస్సెక్కి వచ్చిన రైతు పని కూడా ఆగిపోతుంది.

జబ్బు డిస్క్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ పది శాతం దగ్గర తీరిగ్గా ఉండి, డిస్క్ అన్న వరస మాత్రం నిమిషాల తరబడి 100 శాతం చూపిస్తుంటే సంగతి అర్థమైనట్టే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకు వెళ్లి, డిస్క్ తన గురించి తాను రాసుకునే చిట్టా చదివి పెడుతుంది. అందులో 'రీఅలొకేటెడ్', 'పెండింగ్' సెక్టార్ల లెక్క సున్నా దాటి పెరుగుతోందంటే డిస్క్ నెమ్మదించడమే కాదు, చెడిపోతోంది కూడా. అప్పుడు మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఫైళ్లు కాపీ చేసుకోవాలి.

నెమ్మది ఎక్కడిది? ఈ యంత్రాల్లో ఎక్కువగా వాడిన 2.5 అంగుళాల డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం దాన్ని చదివే హెడ్ కిందకి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు ఆగాలి. హెడ్ సరైన వరుసకి జరగడానికి ఇంకో పన్నెండు దాకా పడుతుంది. రెండూ కలిపితే చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని సెకనుకి అరవై చోట్ల నుంచి తేగలదు, అంతే. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు. సరుకుల చీటీ మొత్తం ఒకేసారి తీసుకోకుండా, పప్పుకోసారి, ఉప్పుకోసారి, చింతపండుకోసారి గోడౌన్‌కి పరిగెత్తే కొట్టు కుర్రాడి పరిస్థితి డిస్క్‌ది. ఎస్ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. విద్యుదావేశాన్ని బంధించి పెట్టుకునే ఫ్లాష్ చిప్‌లే ఉంటాయి. ఏ ముక్కనైనా మిల్లీసెకనులో పదో వంతు కన్నా తక్కువ కాలంలో అందిస్తుంది. ఈ నాండ్ ఫ్లాష్‌ని 1987లో లోకానికి చూపించింది తోషిబా ఇంజనీరు ఫుజియో మసువొకా, ఆయన బృందం.

అలాగని పాత హార్డ్ డిస్క్‌ని చిన్నచూపు చూడకూడదు. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి డిస్క్ యూనిట్‌లో రెండడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై ఉండేవి. టన్ను బరువున్న ఆ యంత్రంలో పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇప్పటి డిస్క్‌లో హెడ్ పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. అందుకే డిస్క్ మూత ఇంట్లో విప్పితే లోపలికి దూరిన ఒక్క ధూళి కణం దాన్ని గీకి పాడుచేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆ డిస్క్ చేసే పని మరీ ముచ్చటైనది. ఇంకా తిరుగుతున్న పళ్లేల వేగం నుంచే విద్యుత్తు పుట్టించుకుని, హెడ్‌ని భద్రమైన చోటికి చేర్చి ఆగుతుంది. వేళకాని వేళ కరెంటు పోయే ఊళ్లలో ఇన్నేళ్లు నెట్టుకొచ్చిందంటే అదే కారణం.

ఆల్ ఇన్ వన్‌లు అన్నీ ఒకేలా తెరుచుకోవు. కొన్నింటికి వెనక చిన్న తలుపు, రెండు మూడు స్క్రూలు. కొన్నింటికి వెనక మూత మొత్తం ఊడదీయాలి. కొన్నింటికి ఏకంగా ముందున్న తెరే లేవాలి. మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ ఇచ్చే మెయింటెనెన్స్ మాన్యువల్ చూస్తే ఏది ఎలాంటిదో తెలుస్తుంది. హెచ్‌పీ, డెల్, లెనోవో చాలా మోడళ్లకు వీటిని ఉచితంగానే ఇస్తాయి.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో ఆపిల్ ఐమ్యాక్ చరిత్ర చెబుతుంది. 2009 నుంచి 2011 దాకా వచ్చిన ఐమ్యాక్‌ల అద్దం అయస్కాంతాలతో అతుక్కుని ఉండేది. రెండు సక్షన్ కప్పులతో లాగితే చేతికొచ్చేది. దాని కింద తెరని పట్టి ఉంచేవి ఎనిమిది టార్క్స్ స్క్రూలు. తెరవడం తేలికే కానీ లోపల చిక్కు వేరే ఉంది. 2011 మోడల్‌లో డిస్క్ వేడి కొలిచే ఏర్పాటుని ఆపిల్ మామూలు పవర్ కనెక్టర్‌లోనే, తన సొంత పద్ధతిలో కలిపేసింది. బయట కొన్న డిస్క్ పెడితే వేడి ఎంతో యంత్రానికి తెలియక ఫ్యాన్లు పూర్తి వేగంతో హోరెత్తేవి. దానికి విరుగుడుగా సెన్సార్ ఉన్న ప్రత్యేక కేబుల్ మార్కెట్లోకి వచ్చింది. ఆ కాలం ఐమ్యాక్‌లలోని సీగేట్ ఒక టెరాబైట్ డిస్క్‌లను ఆపిలే వెనక్కి పిలిచి ఉచితంగా మార్చి ఇచ్చింది కూడా. 2012 చివర్లో వచ్చిన సన్నటి మోడల్ నుంచి తెరని జిగురు పట్టీలతో అంటించడం మొదలైంది. పట్టీలను కోసి తెరిచి, తిరిగి మూయడానికి కొత్త పట్టీలు వేయాలి. 2021 నాటి ఎం1 ఐమ్యాక్‌లోనైతే మార్చడానికి డిస్కే లేదు, స్టోరేజీని బోర్డుకే టంకం పెట్టేశారు. సన్నదనం కోసం కొనుగోలుదారు వదులుకున్నది తక్కువేమీ కాదు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. తెరవగలిగే యంత్రాలు తయారయ్యేలా చూడడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

విప్పే ముందు డేటా. రెండు దారులున్నాయి. ఫైళ్లు వేరే డ్రైవ్‌లో దాచుకుని కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ మొదటి నుంచి ఎక్కించడం ఒకటి. విండోస్ ఎక్కించడానికి 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు. డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి విండోస్ మళ్లీ కొనక్కర్లేదు. రెండోది క్లోనింగ్. యూఎస్‌బీ నుంచి డిస్క్ కనెక్టరైన సాటాకి కలిపే కేబుల్‌తో కొత్త ఎస్ఎస్‌డీని బయటే తగిలించి, క్లోన్‌జిల్లా లాంటి సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు దించుకోవడం. డీటీపీ సెంటర్లకు రెండోదే మేలు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు మళ్లీ ఎక్కించాలంటే ఆ సీడీలు ఎక్కడున్నాయో తెలియదు, ఉన్నా చాలా ఆల్ ఇన్ వన్‌లకు సీడీ డ్రైవే లేదు. క్లోన్‌జిల్లాకైతే కొత్త డ్రైవ్ పాతదంత లేదా అంతకన్నా పెద్దది కావాలి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఓటరు జాబితాలు చేసే చోట ఈ ఒక్క నిర్ణయం రెండు రోజుల పని మిగులుస్తుంది. డిస్క్ చెడిపోవడం మొదలైతే మాత్రం క్లోనింగ్ కన్నా ముఖ్యమైన ఫైళ్లు ముందు కాపీ చేసుకోవడమే క్షేమం. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోవాలి.

ఇక విప్పడం. అడాప్టర్ తీసేసి పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగుతుంది. అడాప్టర్ బయట ఉండే యంత్రాల్లోకి వెళ్లేది సాధారణంగా 19 వోల్టులే. ఎం1కి ముందు వచ్చిన ఐమ్యాక్‌లలో మాత్రం పవర్ సప్లై లోపలే ఉంటుంది. ప్లగ్ పీకేసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలుస్తుంది. ఆ బోర్డు జోలికి పోకూడదు. ఎండాకాలంలో గాలి పొడిగా ఉన్నప్పుడు ఒంటి మీద స్థిర విద్యుత్తు చేరుతుంది. చురుక్కుమన్నట్టు మనకి తెలియాలంటే అది మూడు వేల వోల్టులైనా ఉండాలి. చిప్ చెడిపోవడానికి వంద వోల్టులు కూడా ఎక్కువే. నైలాన్ చీర, పాలిస్టర్ చొక్కా వదిలి నూలు బట్టలు కట్టుకుని, బోర్డుని ముట్టుకునే ముందు లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి తాకితే చాలు.

మెత్తటి దుప్పటి పరిచి తెరని బోర్లా పెట్టాలి. స్క్రూలు తీశాక కూడా మూత రాదు, అంచుల చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు పట్టుకుని ఉంటాయి. సందులోకి పాత ఏటీఎం కార్డు దూర్చి కింది మూల నుంచి నెమ్మదిగా జరుపుతూ పోతే ఒక్కొక్కటీ టక్ మంటూ వదులుతుంది. ఆ చప్పుడికి కంగారు పడక్కర్లేదు. మూత ఊడగానే జర్రున లాగేస్తే మాత్రం స్పీకర్ల తీగలు, పవర్ బటన్ పట్టీ తెగుతాయి. కాగితంలా పల్చటి ఆ పట్టీ చివర గోరంత నల్లటి రెప్ప ఉంటుంది. రెప్పని పైకెత్తితే పట్టీ దానంతటదే జారి వస్తుంది. డిస్క్ ఒక ఇనుప తొడుగులో, కంపనాలు తగ్గించే రబ్బరు దిమ్మల మధ్య కూర్చుని ఉంటుంది. తొడుగుతో సహా పక్కకి జరిపితే డేటాకి ఏడు, పవర్‌కి పదిహేను కాంటాక్టులున్న సాటా కనెక్టర్ నుంచి విడిపోతుంది. అదే తొడుగులో ఎస్ఎస్‌డీ బిగించి వెనక్కి తోయాలి. పాతది 3.5 అంగుళాలదైతే చిన్న బ్రాకెట్ కావాలి. బోర్డు మీద ఎం.2 స్లాట్ కనిపిస్తే అది సాటా రకమో ఎన్‌వీఎంఈ రకమో మాన్యువల్‌లో చూసి కొనుక్కోవాలి.

ఇంతమాత్రం పనికి భయపడాల్సిన ప్రాంతం కాదు తిరుపతి. దగ్గర్లోని పారిశ్రామిక నగరం శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015 నుంచి ఫోన్లు తయారు చేస్తోంది, అక్కడ పనిచేసేవాళ్లలో అత్యధికులు మహిళలు. డిక్సన్ కంపెనీ టీవీలు తిరుపతిలోనే తయారవుతాయి. ఇంతకన్నా సున్నితమైన పట్టీలను రోజుకి వందల సార్లు తగిలించే అక్కచెల్లెళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు.

ఎస్ఎస్‌డీకీ ఆయుష్షు ఉంది. 500 జీబీ రకాల్లో కొన్ని చవకవాటికి కూడా 150 టెరాబైట్ల దాకా రాతకి హామీ ఇస్తారు. రోజుకి 20 జీబీ చొప్పున రాసినా అది ఇరవై ఏళ్ల లెక్క. కానీ పోయేటప్పుడు హార్డ్ డిస్క్‌లా గరగరమని హెచ్చరించదు కాబట్టి బ్యాకప్, యూపీఎస్ రెండూ ఉండాలి. ఇంకొక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే. అంతకన్నా పాతదానికి లినక్స్ చక్కగా సరిపోతుంది. అయితే వేలిముద్రల యంత్రానికి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కి డ్రైవర్లు దొరుకుతాయో లేదో ముందే చూసుకోవాలి.

చేతిలో మిగిలిన పాత డిస్క్ బాగుంటే యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు. పాత సామానులోకి వేసేటట్టయితే మాత్రం డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా అందులోని సమాచారం పోదు. పోయేది చిరునామాల పట్టిక మాత్రమే. నెట్ సెంటర్ డిస్క్‌లో ఎంతమంది ఆధార్ కార్డుల, బ్యాంకు పాస్‌బుక్కుల స్కాన్లు ఉంటాయో దాని యజమానికే తెలుసు. విండోస్‌లో క్విక్ అన్న గుర్తు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేస్తే డిస్క్ అంతా సున్నాలతో నిండుతుంది. ఒక టెరాబైట్‌కి మూడు నాలుగు గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పూర్తవుతుంది. ఆ తర్వాతే దాన్ని ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వాలి.