నేటి ప్రత్యర్థే రేపటి సహచరుడు

సుబేదారి: కళాశాలల ఫుట్‌బాల్‌ పోటీలకు గ్యాలరీలు, ఇనుప కంచెలు అరుదు. సున్నపు గీతే హద్దు. ఇవతల నిలిచిన విద్యార్థి అరుపు అవతల బంతి విసిరే ఆటగాడి చెవిన నేరుగా పడుతుంది. ఈలలు, డప్పులు, నినాదాలు లేనిదే పోటీకి కళ రాదు. అయితే ఆటగాడి ఊరినో, కులాన్నో, ఒంటి రంగునో ఎత్తిపొడవడం అభిమానం అనిపించుకోదు.

నిబంధనల్లో ఒక చిక్కుంది. దూషణకు దిగిన ఆటగాడిని రిఫరీ ఎర్రకార్డుతో బయటకు పంపగలరు. ప్రేక్షకుడికి కార్డు చూపే వీలు లేదు. బయటి జోక్యం మితిమీరితే ఆటను కొంతసేపు నిలిపివేసే, అవసరమైతే అర్ధంతరంగా ముగించే అధికారం మాత్రం ఆయనకుంది. ఆపై ఫలితాన్ని పోటీ నిర్వాహకులు తేల్చాలి. నోరు జారేది ఒకరైతే, నష్టపోయేది ఇరు జట్లూ.

మరో సంగతిని అభిమానులు తరచూ మరుస్తారు. అంతర్‌ కళాశాలల పోటీల్లో రాణించినవారి నుంచే విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలో ఎదురెదురుగా తలపడినవారే ఆ తరువాత ఒకే జెర్సీ ధరించి దక్షిణ మండల అంతర్‌ విశ్వవిద్యాలయ పోటీలకు బయలుదేరుతారు. సుబేదారి ఆర్ట్స్‌ అండ్‌ సైన్స్‌ కళాశాల విద్యార్థి నేడు గేలి చేసిన ఫార్వర్డే రేపు తన మిత్రుడికి పాస్‌ అందించవలసినవాడు కావచ్చు.

ప్రేక్షకుల ఆగ్రహం ఎంత దూరం పోగలదో 1962 జకార్తా ఆసియా క్రీడలు చూపాయి. ఇజ్రాయెల్‌, తైవాన్‌లను క్రీడలకు దూరం పెట్టడాన్ని భారత ప్రతినిధి జి.డి.సోంధి ప్రశ్నించడంతో స్థానికులు మండిపడ్డారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్‌లో కిక్కిరిసిన స్టేడియం భారత జట్టును గేలి చేసింది. పాకిస్థాన్‌ హాకీ ఆటగాళ్లు మాత్రం మన పక్షాన నిలిచి ఉత్సాహపరిచారని నాటి క్రీడాకారులు తరువాత గుర్తు చేసుకున్నారు. పి.కె.బెనర్జీ, జర్నైల్‌ సింగ్‌ చెరో గోల్‌ చేయగా భారత్‌ 2-1తో స్వర్ణం గెలిచింది. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్‌ అబ్దుల్‌ రహీం. ఆయన ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చినవారు.

అన్ని కథలూ ఇలా ముగియవు. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్‌ గార్డెన్స్‌లో ఆటగాళ్ల మధ్య రేగిన ఘర్షణ ప్రేక్షకుల్లోకి పాకి 16 మందిని బలిగొంది.

మన మైదానాల్లో జాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇరు కళాశాలల విద్యార్థులను మైదానానికి చెరో పక్క నిలపాలి. వారిని అదుపు చేయడానికి ఫిజికల్‌ డైరెక్టర్లు, జట్ల కెప్టెన్లు ముందుకు రావాలి. రిఫరీ మాట చెవిన పెట్టని మిత్రబృందం సొంత కెప్టెన్‌ మాట వినే అవకాశం ఎక్కువ. గోల్‌ స్తంభాల వెనుక ఎవరినీ నిలవనీయరాదు. గోల్‌కీపర్‌కు వీపు వెనుక నుంచి వచ్చే మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి.