1804 నాటి వెండి డాలరు

నాణెముపైని సంవత్సరమే దాని పుట్టినయేడని నమ్మువారిని తికమకపెట్టే డాలరొకటి అమెరికాలో ఉన్నది. 1804లో ఫిలడెల్ఫియా టంకశాల 19,570 వెండి డాలర్లు ముద్రించినట్లు లెక్కలున్నవి. కాని వాటికి వాడినవి మునుపటి సంవత్సరపు అచ్చులే. ముప్పదియేండ్ల తరువాత, 1834లో, మస్కట్ సుల్తానుకూ సయాం రాజుకూ కానుకలు పంపవలసివచ్చినప్పుడు అధికారులు ఆ లెక్కలనే నమ్మి, 1804 అంకెతో కొన్ని డాలర్లు కొత్తగా కొట్టించారు. అది పొరపాటు. అసలు మోసం తరువాతివారిది: 1803 డాలరుపై 3ను 4గా దిద్ది అమ్మజూపారు! అందుచేత పరీక్షకుడు అంకెను విడిచి అంచును చూస్తాడు. పాత డాలర్ల అంచున పండ్లవంటి గీతలుంటే, 1834 నాటి వాటికి పూసల వరుస ఉంటుంది. ఆలస్యంగా పుట్టిన సంగతిని బయటపెట్టే ఆ పూసలే దాని వెలకు ఆధారం. సుల్తానుకు అందినదని చెప్పే డాలరు 1999లో 41,40,000 డాలర్లు పలికింది.