ఒకే ఆల్బం - మూడు సీడీలు!

"అవే పాటలకి మళ్లీ మళ్లీ డబ్బు తగలేస్తావేంట్రా?" అని మా అన్నయ్య దెప్పుతూనే ఉంటాడు. నా దగ్గర బీటిల్స్ వారి 'యాబీ రోడ్' సీడీలు మూడున్నాయి మరి!

ఎల్.పి. రికార్డుగా 1969లో వచ్చిన ఆల్బం అది. 1983లో జపాన్‌లో తోషిబా-ఇ.ఎం.ఐ. దాన్ని సీడీగా వేసి, కొన్నాళ్లకే అమ్మకం ఆపేసింది. అందుకే ఆ సీడీకి అంత గిరాకీ! ప్రపంచమంతటికీ అధికారికంగా సీడీ వచ్చింది 1987లో. 2009లో పాత టేపుల్ని శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. ఏది ఏ ముద్రణో తెలియాలంటే అట్ట చూస్తే చాలదు. సీడీ మధ్య కన్నం చుట్టూ ఉండే సన్నటి అంకెలు, అక్షరాలు చదవాలి.

"2009దే గొప్ప! కళ్లు మూసుకుని చెప్పేస్తా" అని పందెం కాశాను. అన్నయ్య నా కళ్లకి తువ్వాలు కట్టి, వాల్యూం తిప్పి మూడింటి శబ్దం సమానం చేసి, 'కమ్ టుగెదర్' వినిపించాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ తప్పే చెప్పాను!

సంగతేమిటంటే, 2009 సీడీలో శబ్దం కాస్త హెచ్చు. హెచ్చుగా వినిపించేదే బాగుందని చెవి భ్రమపడుతుంది. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నది వాల్యూంనే!

పందెం ఓడి సినిమా టిక్కెట్లు కొనిచ్చాను. అయినా మూడు సీడీలూ అమ్మలేదు. తేడా వెతుకుతూ వినబట్టే కదా, పాల్ మెకార్ట్నీ బేస్ గిటార్ నడక నాకు కంఠతా వచ్చింది!

మీరు మాత్రం కొత్త ముద్రణ కొనేముందు, శబ్దం సమానం చేసి వినండి. పర్సు బతుకుతుంది!