శీతల గిడ్డంగిలో పంకా వేగం – విద్యుత్తు పొదుపు

శీతల గిడ్డంగి నిర్వహణలో విద్యుత్తు పెద్ద ఖర్చు. దానిని తగ్గించే మార్గాలలో పంకాల వేగాన్ని అవసరానికి తగినట్లు మార్చుకోవడం ఒకటి.

గుంటూరు ప్రాంతంలో వేసవి మొదట్లో మిర్చి టిక్కీలు గిడ్డంగులకు చేరుతాయి. సరుకులోని వేడిని తీసివేసేందుకు అప్పుడు పంకాలు పూర్తి వేగంతో తిరగవలసిందే. సరుకు చల్లబడిన తరువాత అంత గాలి అవసరం ఉండదు.

పంకా వాడే విద్యుత్తు దాని వేగపు ఘనాన్ని అనుసరించి మారుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే విద్యుత్తు వాడకం సుమారు 51 శాతానికి దిగుతుంది. 10 కిలోవాట్ల పంకాలు రోజంతా తిరిగితే 240 యూనిట్లు ఖర్చవుతాయి. తగ్గించిన వేగంతో సుమారు 123 యూనిట్లు చాలు. వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పరికరం స్వయంగా వాడుకొనేది స్వల్పమే. పైగా పంకాల విద్యుత్తు చివరకు గదిలో వేడిగా మారుతుంది. ఆ వేడి తగ్గితే కంప్రెసరుపై భారమూ తగ్గుతుంది.

అయితే వేగాన్ని అతిగా తగ్గించరాదు. గాలి అందని మూలల్లో వేడి నిలిస్తే మిర్చి రంగు చెడి, రైతుకు ధర తగ్గుతుంది. కనుక పై వరుసల్లోను, దూరపు మూలల్లోను ఉష్ణమాపకాలు ఉంచి, వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పరిశీలించాలి. కొత్త సరుకు రాగానే తిరిగి పెంచాలి.

రుణం కోరే యజమానులు ముందుగా పంకాలకు విడిగా మీటరు అమర్చి, వాడకాన్ని నమోదు చేయాలి. ఏటా మిగిలే సొమ్మును పరికరం ధరతోను, వడ్డీతోను పోల్చి చూస్తే, అప్పు ఎన్నాళ్ళలో తీరగలదో స్పష్టమవుతుంది.