మంచు మీద నెగ్గారు... మాట మీదా నెగ్గారు!

ప్లిమత్ (మిషిగాన్): హాకీ అనగానే మనకి గుర్తొచ్చేది ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం. అమెరికా, కెనడాల్లో మాత్రం హాకీ అంటే మంచు మీద ఆడేదే. కాళ్లకి స్కేట్లు, బంతి బదులు 'పక్' అనే నల్లటి రబ్బరు బిళ్ల, గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకి ఆరుగురు, ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు... ఇదీ ఆట. డెట్రాయిట్ చుట్టుపక్కల కాంటన్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకి దగ్గర్లోనే ఉన్న ప్లిమత్‌లో 2017లో మహిళల ప్రపంచ ఐస్ హాకీ పోటీలు జరిగాయి. ఆ పోటీల వెనుక కథ ఉద్యోగం చేసుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోదగ్గది.

'ఆడేది లేదు'

మార్చి 31న పోటీలు మొదలవ్వాలి. సరిగ్గా పదహారు రోజుల ముందు, మార్చి 15న అమెరికా జట్టు బాంబు పేల్చింది. 'మా సంగతి తేలేదాకా ఆడం' అని కెప్టెన్ మెగన్ డగ్గన్, తోటి క్రీడాకారిణులు ప్రకటించారు. ఒలింపిక్స్ ముందు ఆరు నెలలు మాత్రమే నెలకి వెయ్యి డాలర్లు ఇస్తున్నారని, మిగతా కాలం ఏమీ లేదన్నట్టే ఉందని వాళ్ల ఫిర్యాదు. చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకుంటూనే సాధన చేసేవారు. పైగా పోటీలు జరిగే స్టేడియం మగపిల్లల శిక్షణ కార్యక్రమానికి సొంత గడ్డ!

యూఎస్ఏ హాకీ సంస్థ వేరే ఆటగత్తెల కోసం వెతికింది. కాలేజీ అమ్మాయిలు, హైస్కూలు పిల్లలు కూడా 'మేం రాం' అనేశారు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘాలు అండగా నిలిచాయి. పలువురు సెనేటర్లు లేఖ రాశారు. చివరికి మార్చి 28న నాలుగేళ్ల ఒప్పందం కుదిరింది. ప్రయాణం, బీమా విషయాల్లో మగవాళ్లతో సమానంగా చూడటానికి సంస్థ ఒప్పుకుంది. బోనస్‌లతో కలిపి ఏడాదికి 70 వేల డాలర్లు దాటొచ్చని అప్పట్లో పత్రికలు రాశాయి.

మూడు రోజుల్లో మైదానంలోకి

సరిగ్గా సాధన చేసే టైమే లేదు. అయినా తొలి మ్యాచ్‌లో కెనడాని 2-0తో ఓడించారు. సెమీస్‌లో జర్మనీపై 11-0. ఏప్రిల్ 7న ఫైనల్లో మళ్లీ కెనడాయే ఎదురైంది. కేసీ బెల్లమీ రెండు గోల్స్ కొట్టగా, అదనపు సమయంలో హిల్లరీ నైట్ కొట్టిన గోల్‌తో 3-2 గెలుపు. మరుసటి ఏడాది ప్యాంగ్‌చాంగ్‌లో ఒలింపిక్ స్వర్ణం కూడా వాళ్లదే. అది 1998 తర్వాత మొదటిది.

వీసా మీద ఉన్నవాళ్లకి ఇలా పని ఆపేయడం అంత తేలిక కాదు. కానీ జీతం, బీమా, ప్రయాణ ఖర్చులు నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద రాయించుకోవడం, తోటివాళ్లు ఒక్కమాట మీద ఉండటం ఎవరికైనా పనికొచ్చేదే.

మన అమ్మాయిలూ ఉన్నారు

అదే 2017 మార్చిలో బ్యాంకాక్‌లో లద్దాఖ్ అమ్మాయిలతో నిండిన భారత జట్టు ఫిలిప్పీన్స్‌ని 4-3తో ఓడించి తొలి అంతర్జాతీయ విజయం అందుకుంది. 2025లో ఆసియా కప్‌లో కాంస్యం కూడా తెచ్చింది. అమెరికాలో ఉన్న మన చిన్నారులకీ అవకాశం ఉంది. యూఎస్ఏ హాకీ అప్పుడప్పుడు చిన్నపిల్లలకి ఉచితంగా ఆట రుచి చూపిస్తుంది. దగ్గర్లోని రింక్‌లో అడిగి చూడండి.