పేరుకు వెలయా? పైరుకు బలమా?



ఎరువు కొనబోయిన రైతు మొదట అడుగునది సంచిమీది పేరు. పైరు మాత్రము ఆ పేరు చదువదు. దానికి కావలసినది లోపలి నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము.

కూర్మన్నపాలెమునకు చేరువనున్న ఉక్కు కర్మాగారమునే చూడుడు. అచ్చట నేలబొగ్గును కోకుగా మార్చునప్పుడు వెలువడు వాయువులో అమ్మోనియా యుండును. దానిని గంధకికామ్లముతో చేర్చగా ఏర్పడిన అమ్మోనియం సల్ఫేటు 'పుష్కల' అను పేర రైతులకు విక్రయింపబడినది. పుష్కల యనునది పేరు. అమ్మోనియం సల్ఫేటు వస్తువు. ఎవరు చేసినను అందు నూటికి సుమారు 20½ పాళ్లు నత్రజనియు, 23 పాళ్లు గంధకమును ఉండవలెను. అదే వస్తువు వేఱొక పేర చవుకగా దొరకినచో హెచ్చు వెల యిచ్చుట యేల?

సంచి వెలను మాత్రమే పోల్చిన చాలదు. 45 కిలోల యూరియా సంచిలో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. 50 కిలోల అమ్మోనియం సల్ఫేటులో 10¼ కిలోలు మాత్రమే. అయితే గంధకము 11½ కిలోలు అదనము. గంధకము కోరు వేరుశనగకు ఈ లాభమును లెక్కింపవలెను. నత్రజనియే కావలసినచో కిలో నత్రజని కెంత పడినదో చూచుకొనవలెను.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము రాయితీ యెరువుల సంచులపై 'భారత్ యూరియా', 'భారత్ డి.ఏ.పి.' అను ఒకే పేరు ముద్రింపవలెనని విధించినది. వస్తువొక్కటే యనుట కింతకన్న సాక్ష్యమేమి?

పురుగుమందులలో ఈ జాగ్రత్త మఱింత యవసరము. బెండతోటకు పచ్చదోమ పట్టగా ఒక రైతు రెండు పేర్ల సీసాలు తెచ్చి, రెండును కలిపి చల్లబోవుచుండెను. చిన్న అక్షరములను చదివి చూపితిని. రెంటిలోను ఉన్నది ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతమే! చల్లియుండినచో సొమ్ము రెట్టింపు, విషము రెట్టింపు. తోటకు వచ్చు తేనెటీగలకు చేటు.

అయితే చవుక వేఱు, నకిలీ వేఱు. 1968 నాటి కీటకనాశినుల చట్టము ననుసరించి సీసాపై మందు పేరు, శాతము, రిజిస్ట్రేషను సంఖ్య, గడువు తేదీ యుండవలెను. అవి లేని సీసాను ఉచితముగా నిచ్చినను ముట్టరాదు. రసీదు లేక ఏదియు కొనరాదు.

కావున అంగడిలో నైనను, మన సంఘపు డిపోలో నైనను మూడు ప్రశ్నలు వేయుడు: ఇందలి వస్తువేది? ఎంత శాతము? కిలో కెంత పడును? ఉత్తరము దొరకిన పిమ్మటనే మూట విప్పుడు.