కత్తికంటే ముందు కాగితం

ఈ ఆదివారానికి బీఫ్ స్టీక్ మీద రాయమన్నారు: కొవ్వు తక్కువున్న ముక్కను ఎట్లా ఎంచుకోవాలని. నిజామాబాద్‌లోనూ బోధన్‌లోనూ ఆ ఎంపిక కసాయి కత్తి పట్టకముందే సగం అయిపోతుంది. ఆ పని చేసేది 1977 నాటి గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం. ఆవునూ, ఆవుదూడనూ, గేదెదూడనూ కోయకూడదు. ఎద్దునైనా గేదెనైనా కోయాలంటే అధికారి సర్టిఫికెట్ కావాలి. సేద్యానికో, ఈతకో, పాలకో ఇంకా అక్కరకొచ్చే పశువుకు ఆ కాగితం దొరకదు. అందుకే మన దుకాణాల్లో వేలాడేది ఎక్కువగా వయసు మళ్లిన గేదె.

స్టీక్ పుస్తకాల్లోని పశువు వేరు. దాన్ని ధాన్యం మేపి, లేతగా ఉన్నప్పుడే కోస్తారు. కండలోపల కొవ్వు చారలు పడతాయి. మన గేదెకు కొవ్వు ఎక్కువగా కండల నడుమ, పైన పొరలుగా ఉంటుంది. కత్తితో తీసేయొచ్చు. 100 గ్రాముల మాంసంలో కొవ్వు 10 గ్రాములలోపు, సంతృప్త కొవ్వు 4.5 గ్రాములు మించకుండా, కొలెస్టరాల్ 95 మిల్లీగ్రాములలోపు ఉంటేనే అమెరికా వ్యవసాయ శాఖ దాన్ని లీన్ అంటుంది. అదే శాఖ పట్టికలో పచ్చి గేదెమాంసపు కొవ్వు సుమారు 1.4 గ్రాములే. మనకు తంటా కొవ్వుతో కాదు, గట్టిదనంతో.

ఈ లెక్కలేవీ లేకుండానే కొవ్వులేని కండను పట్టుకున్నది పెద్దకూర వండుకునే దళిత వాడలు. ఒట్టి తునకలు, అంటే ఎండబెట్టిన మాంసపు ముక్కలు, చేసే చేతులకు నా అభిమానం దాచుకోను. తొడకండను పీచు వెంట పొడవుగా చీరి, తెల్లపొర కనిపించినచోటల్లా తీసేసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడుమీద ఎండకు వేస్తారు. కొవ్వు మిగిలితే అది ఎండదు, నాలుగు రోజులకే మక్కిన వాసన కొడుతుంది. నెలల తరబడి నిలవాల్సిన కూర కాబట్టి ఎంపికలో పొరపాటుకు చోటు లేదు. ఎండిన తునకను కాల్చి, దంచి, చింతపులుసులో వేస్తే ముదురు మాంసపు గట్టిదనమే రుచిగా మారుతుంది. స్టీక్ గురించి చెప్పేవాళ్లు ఈ వంటను ముందు చూడాలని నా గట్టి నమ్మకం.

దుకాణాల్లో ఎద్దుకంటే గేదే ఎక్కువగా కనిపించడం వెనక చరిత్ర కూడా ఉంది: నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగింది, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, ఎడ్లబండ్లు గడలు మోశాయి. తర్వాత ట్రాక్టర్లొచ్చి ఎడ్లు తగ్గాయి.

స్టీకే కావాలంటే

అండర్‌కట్ అడగండి. వెన్నెముక లోపలివైపు ఉండే ఈ కండకు శ్రమ తక్కువ, అందుకే మెత్తన; కొవ్వూ స్వల్పం. ఒక పశువుకు దొరికేది కొంచెమే, పొద్దున్నే వెళ్లాలి. రాన్‌లో, అంటే తొడకండలో, కొవ్వు తక్కువే, కానీ పీచుకు అడ్డంగా పలుచగా కోయించి, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించాలి. కాలి పిక్క కండ నిహారీకి సరి, పెనం మీద కుదరదు. ఛాతీ ముక్కలో కొవ్వు పొరలెక్కువ. గేదె కొవ్వు తెల్లగా ఉంటుంది కాబట్టి ముదురెరుపు కండ మీద ఇట్టే కనిపిస్తుంది. కీమా మాత్రం ముక్క చూపించి, కొవ్వు తీయించి, మీ ముందే కొట్టించుకోండి. ఒకసారి కలిశాక ఏ కన్నూ దాన్ని వేరుచేయలేదు.